నాలుగో పేజీలో ఆగినవారు

భావనారాయణ మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పరు. ఒక చీటీ ముక్క చేతికిచ్చి, "ఆ ముక్కేదో దీని మీద రాసివ్వు నాయనా" అంటారు. రాసిచ్చిన చీటీని నాలుగు మడతలు పెట్టి కళ్లజోడు పెట్టెలో దాచుకుంటారు. జవాబు దొరికిందని తనకు తోచిన రోజున చీటీ తిరిగి ఇచ్చేస్తారు. కొన్ని మర్నాడే వచ్చేస్తాయి. నాదొకటి ఆరేళ్లుగా ఆ పెట్టెలోనే నలుగుతోంది. అడగడం మానేశాను.

మాస్టారు ఉండేది బాపట్లలో. పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాక 'చుక్కలు' అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. మామూలు తెలుగు అక్షరాలను, చూపులేనివాళ్లు వేళ్లతో తడిమి చదువుకునే బ్రెయిలీ చుక్కలుగా మార్చి ప్రింటరుకు పంపుతుందది. అక్షరానికో గడి, గడిలో ఆరు చుక్కలకు చోటు, వాటిలో ఏవి ఉబికి ఉన్నాయో దాన్నిబట్టి అక్షరం. ఓపెన్ సోర్స్ అంటారే, ఆ తరహాది. లోపల ఏం రాసి ఉందో అందరికీ కనిపిస్తుంది, ఎవరైనా వాడుకోవచ్చు, చేతనైనవాళ్లు బాగు చేయవచ్చు. పనిచేసేవాళ్లంతా మనసుండి వచ్చినవాళ్లే. ఆదోనిలో ఒక నర్సు, తునిలో ఒక తపాలా ఉద్యోగి, ఇంకా ఇరవై మంది దాకా ఉన్నారు. నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి. ప్రోగ్రాం సంగతిలో నాకు ఓనమాలు కూడా రావు. దాన్ని ఎలా వాడాలో చెప్పే గైడులో వాక్యాలు చదును చేయడం నా పని.

ఆ గైడుకు మాస్టారు పెట్టిన కట్టుబాట్లు రెండున్నాయి. ఎవరు ఏ పేజీ రాసినా, చుక్కలు మొహం ఎరగని ఒక మనిషిని తెచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఆ పేజీ చేతికివ్వాలి. రాసినవారు వెనక కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చోవాలి. నోరు విప్పకూడదు, దగ్గకూడదు, నిట్టూర్చకూడదు. ఎదుటివాళ్లు తప్పు బటన్ నొక్కబోతుంటే చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. ఒకసారి నేను నాలుక కరుచుకున్నాను, నిజంగానే.

రెండో కట్టుబాటు ఇంకా విడ్డూరం. పుస్తకాల్లో రచయితల పేర్లు ఉండే మొదటి పేజీలో, మా గైడులో ఆగిపోయినవాళ్ల పేర్లు ఉంటాయి. 'వరహాలమ్మ, రెండో పేజీ. మస్తాన్‌వలీ, తొమ్మిదో పేజీ.' అంతే. వాళ్లు అక్కడ ఆగబట్టే ఆ పేజీ బాగుపడిందని అర్థం. రాసినవాళ్ల పేరు ఎక్కడా కనబడదు.

కిరీటికి ఇది మింగుడుపడేది కాదు. అతను మాస్టారి దగ్గర చదువుకున్న ఆఖరి బ్యాచ్ కుర్రాడు. గుంటూరులో ఉద్యోగం, శని ఆదివారాలు మాస్టారి మేడ మీద గదిలో. ప్రోగ్రాంలో సగం అతని చేతి మీదుగా వచ్చిందే. అలాంటివాణ్ణి తెచ్చి మాస్టారు గైడు పనిలో పడేశారు.

"మాస్టారూ, రాసినవాళ్ల పేర్లు లేవు గానీ రాక ఫెయిలైనవాళ్ల పేర్లు అచ్చేశారు. లోకంలో ఎవరైనా ఇలా చేస్తారా?" అన్నాడొకసారి.

"చెయ్యరు" అన్నారు మాస్టారు, మజ్జిగ తాగుతూ.

ఫిబ్రవరిలో కొత్త వెర్షన్ వచ్చింది. పదో తరగతి పరీక్షల ముందు బడులకు అందించాలని అందరికీ తొందర. గైడులో నాలుగో పేజీ కిరీటిది. తెలుగు పాఠాన్ని చుక్కల్లోకి మార్చి ప్రింటు తీయడం ఎలాగో చెప్పే పేజీ. కొత్త మనిషిని వెతికే తీరిక లేక, తన ల్యాప్‌టాప్ మీద తనే చేసి చూసుకుని, బ్రహ్మాండంగా వచ్చిందని పెట్టేశాడు. నేనూ అందులో రెండు కామాలు తీసేసి చేతులు దులుపుకున్నాను. కాకి పిల్ల కాకికి ముద్దని ఊరికే అనలేదు.

మూడు వారాలకు ఒక అంధ బాలికల బడి నుంచి సలోమి అనే టీచరు ఫిర్యాదుల పుటలో రాసింది. "సార్, నాలుగో పేజీ ప్రకారమే చేశాను. ప్రింటు వస్తోంది గానీ పేజీ అంతా ఆరు చుక్కల గడులే పడుతున్నాయి. పిల్లలు తడిమి చూసి, అంతా ఒకటే అక్షరం టీచర్ అంటున్నారు. పరీక్షలు పదిహేను రోజుల్లో ఉన్నాయి. పదకొండు మంది పిల్లలు. సామాన్యశాస్త్రం పుస్తకం ఈ ఏడు మారింది, మా దగ్గర బ్రెయిలీ ప్రతి లేదు. నాకు కంప్యూటర్ అంతగా రాదు, తప్పు నాదే అయి ఉంటుంది. క్షమించండి."

కిరీటి ఒక్క వాక్యంలో జవాబిచ్చాడు. "నాలుగో పేజీ మరోసారి జాగ్రత్తగా చదవండి."

ఆవిడ మళ్లీ రాయలేదు. సమస్య తీరిపోయిందని కిరీటి అనుకున్నాడు. వారం గడిచాక, ఆదివారం ఉదయం, ఆ రెండు ఉత్తరాలూ నా కంటపడ్డాయి. మాస్టారికి చూపించాను. ఆయన నోరు తెరిచేలోగా కిరీటే అందుకున్నాడు.

"ఇంతకంటే ఎలా రాస్తాం మాస్టారూ? ఏ బటన్ ఎక్కడుందో బొమ్మ గీసి మరీ చూపించాను. ఎంత విడమరచి చెప్పినా అర్థం చేసుకోలేని వాళ్ల కోసం మనం ఎంత కిందికి దిగాలి?"

మాస్టారు చీటీ ఇచ్చారు. కిరీటి ఆ మాటే రాసిచ్చాడు. చీటీ కళ్లజోడు పెట్టెలోకి వెళ్లింది.

తర్వాత ఆయన బీరువా పక్కనున్న పాత కంప్యూటర్ తెచ్చి బల్ల మీద పెట్టించారు. అందులో ఉన్నదంతా ముందురోజే చెరిపేసి, కొన్ననాడు ఎలా ఉందో అలా చేసి ఉంచారు. అంటే నేను చూపించకముందే ఆయన ఆ ఉత్తరాలు చదివారన్నమాట. గైడులో నాలుగో పేజీ దాకా అచ్చు తీసి కిరీటి చేతిలో పెట్టారు.

"ఇందులో రాసింది చెయ్యి. రాయనిది చెయ్యకు."

మాస్టారూ నేనూ వెనక కుర్చీల్లో చేతులు కట్టుకుని కూర్చున్నాం. కిరీటి నవ్వుకుంటూ మొదలుపెట్టాడు. రెండో పేజీ, మూడో పేజీ చకచకా సాగిపోయాయి. నాలుగో పేజీ చివర 'ప్రింటు నొక్కండి' అని ఉంది. నొక్కాడు. మూలనున్న బ్రెయిలీ ప్రింటరు టకటక కొట్టి కాగితం బయటికి తోసింది. కిరీటి దాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టి చూశాడు. మొదటి వరుస నుంచి ఆఖరి వరుస దాకా ఆరు చుక్కల గడులే.

చాలాసేపు కాగితం దించలేదు. తర్వాత, "తెలుగు పట్టిక ఎక్కించలేదు" అన్నాడు మెల్లిగా. ఏ అక్షరానికి ఏ చుక్కలో చెప్పే పట్టిక అది. ఒక్కసారి ఎక్కిస్తే చాలు, ఇక ఎప్పటికీ అడగదు. కిరీటి ల్యాప్‌టాప్‌లో అది రెండేళ్ల కిందటే ఎక్కింది. "ఒక్క నిమిషం మాస్టారూ, ఎక్కించేస్తాను" అని చెయ్యి చాచాడు.

మాస్టారు అడిగారు. "ఏ పేజీలో ఉంది?"

కిరీటి చెయ్యి అక్కడే ఆగింది. పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పాడు, ఉండదని తెలిసి కూడా. ఆ కుర్రవాడి మెడ ఎర్రబడటం వెనక నుంచి నాకు కనిపించింది. నిజం చెప్పాలంటే నా మెడా వేడెక్కింది. ఆ పేజీలో కామాలు తీసిన మహానుభావుణ్ణి నేనేగా.

అతను లేచి ఫోన్ అందుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. ఉత్తరం కింద సలోమి టీచరు నంబరు ఉంది, స్పీకరు పెట్టి కలిపాడు. అవతలి గొంతు బొంగురుగా, సగం గాలిగా వినిపించింది. జలుబేమో అనుకున్నాం. కాదు. పుస్తకం లేదు గనుక, వారం రోజులుగా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాఠాలన్నీ ఆవిడే పిల్లలకు పైకి చదివి వినిపిస్తోంది.

"టీచర్, నేను కిరీటిని. చుక్కల గైడు రాసింది నేనే. తప్పు నాది. ఒక మెట్టు రాయడం మరిచిపోయాను."

"అమ్మయ్య!" అంది ఆవిడ. "పదకొండుసార్లు చదివాను సార్ ఆ పేజీ. పిల్లకొకసారి అనుకుని. ఇంక నాకు రాదేమోలే, ఈ వయసులో నాకెందుకు ఇవన్నీ అనుకున్నాను."

కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఆ 'అమ్మయ్య' కిరీటిని తాకినట్టు ఏ తిట్టూ తాకి ఉండదు. వెనక కూర్చున్న నాకే కళ్లు చెమర్చాయి. అతను పట్టిక ఎక్కించడం ఒక్కొక్క మాటగా చెప్పాడు. ఆవిడ చేస్తూ పోయింది. ఇరవై నిమిషాలకు ఫోన్లో ప్రింటరు టకటక, దాని వెనక పిల్లల కేకలు వినిపించాయి. పరీక్షలకు ఇంకా ఎనిమిది రోజులున్నాయి. ఆ మధ్యాహ్నమే కిరీటి నాలుగో పేజీ తిరగరాశాడు. మాస్టారింటి కింద వాటాలో ఉండే బేబీ సరోజిని, కంప్యూటర్ అంటే టీవీ అనుకునే మనిషి, దాన్ని చదివి ప్రింటు తీసేదాకా వెనక చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ రెండుచోట్ల ఆగింది. రెండుసార్లూ తిరగరాసి, ఆవిడ పేరు జాబితాలో చేర్చాడు.

కథ ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాం. పరీక్షలయ్యాక ఆ బడి నుంచి తపాలాలో ఒక కవరు వచ్చింది. లోపల దళసరి తెల్ల కాగితం ఒక్కటే. సిరా లేదు, అక్షరం లేదు. బ్రెయిలీ పలక మీద సూదితో పొడిచిన చుక్కలు, రెండే వరుసలు. కిరీటి వేలితో తడిమాడు. కళ్లు మూసుకుని తడిమాడు. ఏ చుక్క ఏ అక్షరమో ప్రోగ్రాంలోకి ఎక్కించినవాడు అతనే, అయినా వేలి కింద అంతా ఇసుకలాగే ఉంది.

కవరు అందిందని చెప్పడానికి స్పీకరు పెట్టి ఫోన్ చేస్తే, ఉత్తరం రాసిన రూతు అనే అమ్మాయి పలికింది. పదో తరగతి పిల్ల.

"చదివారా అన్నా?"

"లేదమ్మా, రావట్లేదు. ఆగు, కంప్యూటర్లో పట్టిక చూసి చెప్తాను."

"అయ్యో, కళ్లతో చూస్తే దొంగాట అన్నా! వేలు పెట్టండి. మొదటి గడి. పైనుంచి కిందికి రండి. ఎన్ని తగిలాయి?"

"మూడు... కాదు, రెండు."

"తొందరపడి రెండో గడి దాకా పోయినట్టున్నారు. ఫర్వాలేదు, మాక్కూడా మొదట్లో అట్టాగే అయ్యేది. వెనక్కి వచ్చి మళ్లీ రండి."

"ఒక్కటే. ఎడమ పక్క, పైన."

"అదే 'అ'. అయిపోయింది, మీకు వచ్చేసింది. ఇంకో గడికి పదండి."

వచ్చింది ఒక్క అక్షరం. ఆ పిల్ల మెచ్చుకోలు చూస్తే పుస్తకమంతా అప్పజెప్పినట్టు ఉంది. ఆ రెండు వరుసలకూ ముప్పావు గంట పట్టింది. తప్పుతున్నప్పుడల్లా ఆ అమ్మాయి అదే మాట అంది, ఫర్వాలేదన్నా, వెనక్కి వచ్చి మళ్లీ రండి అని. ఒక్కసారి కూడా జాగ్రత్తగా చదవమని అనలేదు. మాస్టారూ నేనూ వెనక కుర్చీల్లో చేతులు కట్టుకుని కూర్చున్నాం. చివరికి కిరీటి పైకి చదివాడు.

"అందింది. అందరం చదివాం."

ఫోన్ పెట్టేశాక అతను కాసేపు ఆ కాగితం మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు. "మాస్టారూ, ఆ టీచర్ గారు అడగకపోయుంటే ఈ పేజీ ఇంకెన్ని బళ్లకు ఇలాగే పోయేదో" అన్నాడు. గైడు మొదటి పేజీ తెరిచి, జాబితా చివర రెండు పంక్తులు చేర్చాడు. 'సలోమి టీచర్, నాలుగో పేజీ. కిరీటి, నాలుగో పేజీ.' చేర్చి మాస్టారి వంక చూశాడు. మాస్టారు కళ్లజోడు పెట్టె తెరిచి, మడత పెట్టిన చీటీ తీసి ఇచ్చారు.

కిరీటి తన ప్రశ్న తనే చదువుకుని, సిగ్గుపడి, చీటీ చింపబోయాడు.

"చింపకు నాయనా, దాచుకో" అన్నారు మాస్టారు. "ఇదే ప్రశ్న పట్టుకుని రేపు ఇంకొకరు వస్తారు. అప్పుడు వెనక కుర్చీ నీది."