లాలప్ప ఉస్తాదు పీట

ఈ సంగతి నాకు మొదట చెప్పింది పరుపులు కుట్టే సైదమ్మ. ఆ రోజు సూది చేతపట్టుకుని పక్కనే కూర్చున్న మనిషి ఆమె. అందుకని నేను చెప్పేదే సరైంది. తక్కినవాళ్ళు చెప్పేది విన్నవాళ్ళ దగ్గర విన్నది.

మార్కాపురంలో దూదేకే లాలప్ప ఉస్తాదు దగ్గర పని నేర్చినవాళ్ళం పదకొండుమందిమి. నేను నాలుగోవాణ్ణి. ఆఖరివాడు నబీరసూలు. చదువుకున్నవాడు. చెయ్యి కూడా మంచిదే, ఆ మాట ఒప్పుకోవాలి.

మా పనికి ఒక కట్టుబాటు ఉంది. పరుపు విప్పి దూది ఏకుతున్నంతసేపూ ఆ పరుపు తాలూకు మనిషి ఎదురుగా కూర్చోవాలి. తన దూదే తనకు తిరిగొస్తోందని కళ్ళతో చూసుకోవాలి. అందుకోసం ఉస్తాదు ఒక వేపచెక్క పీట వేసి ఉంచేవాడు. మూడు కాళ్ళ పీట. ఒక కాలు కాస్త పొట్టి.

నబీరసూలు సొంత అంగడి పెట్టాక పీట మాటే ఎత్తలేదు. జనానికి కూర్చునే తీరిక లేదన్నాడు. ఆటో పంపి పాత పరుపు తెప్పిస్తాడు, మిషన్లో ఏకిస్తాడు, సాయంత్రానికల్లా ఇంటికి చేరుస్తాడు. పని జోరుగానే సాగింది. అప్పుడు వాడికి బ్రాండు కావాలనిపించింది.

ఒక పొద్దున ఉస్తాదు దగ్గరికి వచ్చాడు. చేతిలో రెండు కట్టలు, గుడ్డ మీద అచ్చేసిన లేబుళ్ళు. ఒకటి నీలం, ఒకటి ఎరుపు.

"ఉస్తాదూ, ఈ కాలం పిల్లలు మనసు బాగలేదంటే బాగలేదనే చెప్తారు. డాక్టరు దగ్గరికి పోతారు, ఎవరి దగ్గరా దాచరు. వాళ్ళకి ఈ నీలం లేబులు, ‘మనసుకు నెమ్మది’ అని. పెద్దోళ్ళకి ఆ మాట కనపడితే పరుపు ముట్టను కూడా ముట్టరు. మాకేమన్నా పిచ్చా అని మీదికొస్తారు. వాళ్ళకి ఈ ఎర్రది, ‘నడుముకు బలం’."

"లోపల దూది?" అన్నాడు ఉస్తాదు.

"రెండింట్లో ఒకటే."

సైదమ్మ నవ్వింది. "ఒక బిడ్డకి రెండు ఊళ్ళలో రెండు పేర్లు పెడతావేంది నాయనా?"

"వ్యాపారమంటే అట్టాగే పెద్దమ్మా. ఎవరి చెవికి తగిన మాట వాళ్ళకి." మళ్ళీ ఉస్తాదు వైపు తిరిగాడు. "రెండింటి మీదా కింద ‘లాలప్ప పరుపులు’ అని మీ పేరు వేయించుకుంటా. మీ పేరుంటే నాది లాలప్ప ఇంటి పని. లేకపోతే వీధిలో ఉన్న ఆరు అంగళ్ళలో నాదొకటి. ఇవి చూడ్డానికి వేయించినవి. అసలువి రేపు అచ్చుకివ్వాలి. ఒక్కసారి ఊఁ అనండి."

ఉస్తాదు ఆ పేరు ఎవరికీ ఇచ్చింది లేదు. నేనడిగినా ఇవ్వలేదు. అది వేరే సంగతి. నేను మరిచిపోలేదు.

ఉస్తాదు నోరు విప్పేలోపే గుమ్మం ముందు ఆటో ఆగింది. కోటిలింగం మేస్త్రీ దిగాడు. పలకల గనిలో మూడొందలమంది కూలీలని నడిపించిన మనిషి. వెనకాల మనవరాలు లహరి, డిగ్రీ చదివే పిల్ల. ఆటోలో చుట్టి పెట్టిన పరుపు.

"లాలప్పా, నీ శిష్యుడికి చేతకావడం లేదు. మూడుసార్లు పంపించా. మూడుసార్లూ దూదిలో ఉండలే. ఒళ్ళు వాల్చనీదు."

నబీరసూలు మొహం కందిపోయింది. "మూడుసార్లూ దగ్గరుండి ఏకించాను మేస్త్రీగారూ. గోరంత ఉండ లేదు."

"నా వీపుకి తెలీనిది నీ మిషనుకి తెలుసా?"

"పరుపు కాదు తాతా," అంది లహరి. "నువ్వు అన్నం తినడం లేదు. రెండు నెలలుగా కంటి మీద కునుకు లేదు. నాకట్టాగే ఉంటేనే గదా నేను డాక్టరు దగ్గరికి పోతున్నా. ఒక్కసారి నాతో రా అంటే..."

"నీకు చెల్లుద్ది. చిన్నదానివి. నేను పోయి ఏమని చెప్పాలి? కోటిలింగం మేస్త్రీకి దిగులేసిందనా? నా రోగం పరుపులోనే ఉండాది."

ఆ పిల్ల కళ్ళు తిప్పుకుంది.

ఉస్తాదు పరుపు మీద ఒకసారి అరచెయ్యి వేసి తడిమాడు. కాలితో పీట ముందుకి జరిపాడు.

"కూర్చో మేస్త్రీ. నీ దూది నువ్వు చూసుకోవాల గదా."

"విల్లుతోనా ఉస్తాదూ?" అన్నాడు నబీరసూలు. "మధ్యాహ్నం దాటిపోద్ది."

"పోనీ."

పరుపు విప్పారు. ఉస్తాదు ముక్కుకి గుడ్డ కట్టుకుని విల్లు అందుకున్నాడు. కొయ్యతో వింటి నరాన్ని కొడుతుంటే దూది పొగమంచులా లేచి పక్కకి వాలుతోంది. మొదటి గంటంతా మేస్త్రీ తప్పులే పట్టాడు. అక్కడ సరిగా విడలేదన్నాడు, ఇక్కడ నలక ఉందన్నాడు. మేస్త్రీ అన్న చోటల్లా ఉస్తాదు మళ్ళీ ఏకాడు.

ఆ తర్వాత మేస్త్రీ దూది పింజ ఒకటి వేళ్ళ మధ్య పట్టుకున్నాడు.

"ఇది మా నరసమ్మ ఏరిన దూది. ఒక్క గింజ ఉండనిచ్చేది కాదు."

విల్లు మోగుతోంది.

"తను పోయినాక తను పడుకునే వైపు ఎత్తుగానే ఉండిపోయింది లాలప్పా. నా వైపే కుంగతా ఉండాది."

అక్కణ్ణించి ఆయన గొంతు తగ్గింది. ఆయన గొంతు తగ్గినప్పుడల్లా ఉస్తాదు విల్లు గట్టిగా మోగించాడు. వీధిలో పోయేవాళ్ళకి మోత తప్ప మరేమీ వినపడలేదు. ఆయన ఏం చెప్పాడో నేను సైదమ్మని అడిగాను. "ఆ పీట మీద అన్న మాటలు ఆ పీట దగ్గరే ఉంటాయి," అని ఊరుకుంది.

లహరి నెమ్మదిగా వచ్చి పీట పక్కన నేల మీద కూర్చుంది.

ఏకడం అయ్యింది. మేస్త్రీ మొహం కడుక్కోడానికి పెరట్లోకి పోయాడు. ఉస్తాదు నబీరసూలు వైపు చెయ్యి చాపాడు. పేరు దొరికిందనుకుని వాడు లేబుళ్ళ కట్టలు రెండూ రెండు చేతులతో అందించాడు. ఉస్తాదు వాటిని ఒక పాత గుడ్డలో కలిపి చుట్టాడు. ఇటుకంత లావు మూట అయ్యింది. దాన్ని తీసుకెళ్ళి దూదిలో, సరిగ్గా వీపు ఆనే చోట పెట్టాడు. పైన దూది కప్పి, కుట్టమని సైదమ్మకి సైగ చేశాడు.

నబీరసూలు నోరు తెరిచాడు. ఉస్తాదు చూశాడు. వాడు నోరు మూశాడు.

మేస్త్రీ వచ్చి కొత్తగా కుట్టిన పరుపు మీద పడుకున్నాడు. ఇటు దొర్లాడు, అటు దొర్లాడు. వెల్లకిలా తిరిగి కళ్ళు మూసుకున్నాడు. అట్టాగే చాలాసేపు ఉండిపోయాడు. నిద్రపోయాడేమోనని లహరి వంగి చూసింది.

"చూశావా అబ్బోడా!" అన్నాడు కళ్ళు తెరవకుండానే. "పనంటే ఇదీ. వెన్నపూస మాదిరి ఉండాది. ఉండన్నది లేదు."

నబీరసూలు తల వంచుకున్నాడు.

మేస్త్రీ ఆటో పిలవడానికి బయటికి పోయినప్పుడు సైదమ్మ నాలుగు కుట్లు విప్పి మూట బయటికి లాగి, మళ్ళీ కుట్టేసింది. ఆయన చూడలేదు. ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఆటో ఎక్కబోతూ ఆగాడు మేస్త్రీ. "అమ్మాయ్, నువ్వు డాక్టరు దగ్గరికి పోయేది బుధవారమే గదా?"

"అవును తాతా."

"పోయేటప్పుడు నన్ను గూడా పిలువు."

ఆటో పోయింది. నబీరసూలు ఆ మూట పట్టుకుని అట్టాగే నిలబడ్డాడు. "మరి మీ పేరు ఉస్తాదూ?" అన్నాడు. ఆ అడగడంలో పొద్దుటి జోరు లేదు.

ఉస్తాదు మీసాల్లో ఇరుక్కున్న దూది దులుపుకున్నాడు. పీటని కాలితో వాడి వైపు నెట్టాడు.

"దీని మీద రాయించుకో."

నబీరసూలు లేబుళ్ళ మూట అక్కడే వదిలేశాడు. పీట తల మీద పెట్టుకుని బజారు మధ్యలోంచి అంగడిదాకా నడిచిపోయాడు. నాకిచ్చినా నేనూ మోసేవాణ్ణే.

ఇప్పుడు ఒక పరుపుల కంపెనీవాళ్ళు, పేరెత్తను, ఈ కథని తమ ప్రకటన కాగితంలో అచ్చేసుకున్నారు. లాలప్ప ఉస్తాదు ఒక ముసలాయన అబద్ధాన్ని నలుగురిలో బయటపెట్టాడని రాశారు. మేస్త్రీ అబద్ధమాడలేదు. ఉస్తాదు ఎవర్నీ బయటపెట్టలేదు. పీటకి నాలుగు కాళ్ళని కూడా రాశారు. మూడే. నాకు రాత అంతంతమాత్రం, ఈ మాత్రం రాయడానికే నాలుగు రోజులు పట్టింది. చదువొచ్చినవాళ్ళకి ఎవరికైనా ఆ కాగితం చేతికొస్తే, ఆ రెండు తప్పులూ దిద్దండి.