చీమల చదువుకు దారిబత్తెం

నల్లమలలో, కృష్ణ ఒడ్డుకు దగ్గరగా, ఓ సెలయేటి పక్కన జంతువుల బడి ఉండేది. పుస్తకాల్లేవు, బెత్తాల్లేవు. ఎవరికి నచ్చిన ప్రాణిని వాళ్ళు ఎంచుకుని, దాని తిండీ గూడూ నడకా నడతా కళ్ళారా చూసొచ్చి చెప్పాలి. చూడడమే అక్కడ చదువు.

ఏటా తొలకరికి ముందు నది అవతలి గట్టున పెద్ద సభ జరిగేది. అన్ని అడవుల నుంచీ ఇలా చదువుకునే వాళ్ళంతా చేరి, తాము చూసింది చెప్పుకునేవాళ్ళు. వెళ్ళాలని ఎవరికుండదు? కానీ కృష్ణ దాటడమంటే మాటలా! అందుకే బడి పెద్దలు ఏటా ఒక విద్యార్థికి దారిబత్తెం ఇచ్చేవారు. ఏనుగు వీపు మీద నది దాటిస్తారు, రానూ పోనూ తేనెపట్లూ ఇప్పపూలూ ఎండుచేపలూ కట్టిస్తారు. వెళ్ళొచ్చినవాళ్ళు అక్కడ విన్నదంతా ఇక్కడి పిల్లలకు చెప్పాలి, అంతే.

ఆ ఏడు బత్తెం ఈదమ్మకేనని అందరూ అనుకుంటున్నారు. ఈదమ్మ ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులున్న అలుగుపిల్ల. ఎంచుకున్న ప్రాణి గండుచీమ.

"చీమలు నీకు కూడు గదటే, వాటితో చదువేంటి?" అని తోటి పిల్లలు నవ్వితే, "కూడు పెట్టేవాళ్ళ సంగతి తెలుసుకోవద్దా?" అనేది. ఆకలేస్తే వేరే పుట్టకు పోయేది గానీ, తను చదివే పుట్ట జోలికి మాత్రం వెళ్ళేది కాదు. వానకు ముందు చీమలు గుడ్లు నోట కరుచుకుని మెరకకు ఎలా తరలిపోతాయో, ఏ దారి ఎంచుకుంటాయో అన్నీ చూసింది. ఒక్క సభకు వెళ్ళొస్తే, తనలా చీమల్ని చూసేవాళ్ళు ఇంకెక్కడైనా ఉన్నారేమో తెలుస్తుందని దాని ఆశ.

అదే బడిలో నక్క నాంచారయ్య కూడా ఉన్నాడు. ఏ ప్రాణి గురించి చదువుతున్నావని అడిగితే, "ఇంకా ఆలోచనలో ఉన్నా" అనేవాడు. ఎండుచేపల మాట వినగానే మాత్రం చదువు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఎంపికకు ముందురోజు మధ్యాహ్నం ఈదమ్మ దగ్గరికొచ్చాడు.

"తల్లీ, రేపు పెద్దల ముందు నోరు తడబడితే? ఓసారి నా ముందు చెప్పి చూసుకో."

"నిజమే మామా, నాకు లోపల దడగానే ఉంది," అని ఈదమ్మ మొత్తం చెప్పింది. చివర్న, "గుడ్లు మోసే వేళ చీమల వరసలో ముక్కు పెట్టినా కుట్టవు మామా. నోట్లో గుడ్డుంటే కరిచేదెట్టా?" అంది.

"ఆహా, ఎంత చక్కగా చెప్పావు! ఆ చివరి మాట మళ్ళీ చెప్పు," అన్నాడు నక్క. ఈదమ్మ మురిసిపోయి మళ్ళీ చెప్పింది.

మర్నాడు పొద్దున్నే మబ్బు పట్టింది. బడి పెద్దలైన తాబేటి తాత, ఎలుగుబంటి పెద్దమ్మ ఏటి ఒడ్డున కూర్చున్నారు. పిలవకముందే నక్క లేచి, గొంతు సవరించుకుని, ఈదమ్మ చెప్పిందంతా పొల్లుపోకుండా ఒప్పజెప్పాడు.

"మీరు నమ్మరు గానీ, ఆ వరసలో ఈ ముక్కే పెట్టి చూశాను. ఒక్కటి కుడితే ఒట్టు!"

పెద్దమ్మ ముచ్చటపడింది. "నువ్వు ఇంత ఓపిక గలవాడివని అనుకోలేదురా!"

ఈదమ్మ గుండ్రంగా చుట్టుకుపోదామా అనుకుంది. 'ఆ చదువు నాది' అంటే నమ్మేదెవరు? పైగా అంతకంటే పెద్ద చిక్కొకటి దాని లోపలే ఉంది. తన చదువని చెబితే, అందులో ఉన్న తప్పు కూడా తనదేనని ఒప్పుకోవాలి. అయినా తాత పిలిచేసరికి లేచి నిలబడింది.

"తాతా, మామ చెప్పిందంతా నేను నిన్న ఆయనకు చెప్పిందే. నమ్మినా నమ్మకపోయినా సరే. అయితే ఆ చివరి మాట తప్పు. మామ వెళ్ళాక నాకే అనుమానమొచ్చి, సాయంత్రం పుట్ట దగ్గరికెళ్ళి ముక్కు పెట్టి చూశా. గుడ్లు మోసేవి కుట్టలేదు గానీ, వాటి పక్కన ఉత్త నోటితో నడిచే కాపలా చీమలున్నాయి. అవి కుట్టాయి. మామూలు కంటే ఎక్కువే కుట్టాయి."

"చూశారా! నా పేరు చెడగొట్టాలని కట్టుకథలు," అని నక్క గయ్యిమన్నాడు. "పెట్టి చూసిన ముక్కు నాది. నాకు తెలీదా?"

తాబేటి తాత నెమ్మదిగా మెడ బయటపెట్టాడు. "తగువెందుకు నాయనా? మబ్బు పట్టింది. ఆ మద్దిచెట్టు కింద చీమలు ఈపాటికి తరలుతూనే ఉంటాయి. పదండి, మరోసారి పెట్టి చూపిద్దువు గాని."

"ఇప్పుడా? నాకు కాస్త పడిశం చేసింది తాతా..."

"ముక్కుతో వాసన చూడమన్నామా?" అంది పెద్దమ్మ. "పెట్టడమేగా! పద."

చెట్టు కింద నల్లటి దారంలా చీమలు సాగుతున్నాయి. ప్రతిదాని నోటా తెల్లటి గుడ్డు. నక్కకు ధైర్యమొచ్చింది. 'పిల్ల మొదట చెప్పిందే నిజమైనట్టుంది, ఇప్పుడు నన్ను బెదిరించడానికి మాట మార్చింది' అనుకుని, దర్జాగా ముక్కు వరసలో పెట్టాడు.

"మామా, వద్దు! పక్కన కాపలావి వస్తున్నాయి!" అని ఈదమ్మ అరిచింది.

"నాకు నువ్వు చెప్పొచ్చేదేంటే..." అన్నంతలోనే కాపలా చీమలు వచ్చి పడ్డాయి. "అమ్మో! చచ్చాన్రో!" అంటూ నాంచారయ్య ఏట్లోకి దూకాడు. ముక్కు తాటిపండంత అయింది. బడిపిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఈదమ్మ మాత్రం పరుగెత్తి పసరాకు తెచ్చిచ్చింది.

"ఎరువుల సొమ్ము బరువుల చేటని ఊరికే అన్నారా! అరువు తెచ్చుకున్నది ఎప్పుడూ ముప్పే," అన్నాడు తాత. "ఈదమ్మా, ప్రయాణానికి సిద్ధం కా."

"మరి నేను తప్పు చెప్పాను గదా తాతా?"

"మళ్ళీ వెళ్ళి చూశావు గదే పిచ్చిపిల్లా! బత్తెం ఇచ్చేది దానికే."

ఏనుగు వీపు మీద నది దాటుతుంటే ఈదమ్మకు ఆకాశం చేతికందినట్టుంది. సభలో తన మొదటి ఊహా, అది తప్పని తేలిన తీరూ దాచకుండా చెప్పింది. ఒక కొంగ లేచి అడిగింది: "కాపలావీ మోసేవీ పుట్టుకతోనే వేరా, లేక వంతులేసుకుంటాయా?"

"తెలీదండీ. చూడాలి," అంది ఈదమ్మ.

ఎక్కడి నుంచో ఓ ముసలి అలుగు బిగ్గరగా, "నేనూ అదే చూస్తున్నానమ్మా, ఇటు రా, మాట్లాడుకుందాం!" అంది. ఆ సాయంత్రమంతా ఇద్దరూ చీమల ముచ్చట్లే. ఆ ఏటి మంచి విద్యార్థి బహుమానంగా నెమలీక కూడా ఈదమ్మకే ఇచ్చారు గానీ, తిరుగుదారిలో అది ఏనుగుతో చెప్పిందంతా ఆ ముసలి అలుగు మాటలే.

బడికొచ్చి పిల్లలందరికీ విన్నది చెబుతుంటే వెనక వరసలో నాంచారయ్య బుద్ధిగా కూర్చున్నాడు. అందరూ వెళ్ళాక మెల్లిగా దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, నేనూ ఏదైనా చదువుదామనుకుంటున్నా. ఏం చూడమంటావు?"

"నీకేమిష్టం మామా?"

"ఏటి పీతలంటే..." అని నక్క లొట్టలేశాడు.

"అయితే వాటి బొరియ దగ్గర కూర్చుని చూడు. కానీ తినకుండా!"

నాంచారయ్య దీర్ఘంగా నిట్టూర్చి, ఏటి వైపు నడిచాడు.

నీతి: చూసి చెప్పినవాడి తప్పు మళ్ళీ చూస్తే సరవుతుంది, ఎత్తుకొచ్చి చెప్పినవాడి ఒప్పు ఒక్క పరీక్షకైనా ఆగదు.