చీనా పిల్ల ములికితాడు

ఒకానొక రేవు రాజ్యంలో ప్రచండకేతుడనే రాజు ఉండేవాడు. ఆయన కొలువులోకి కత్తి, బాకు, ఈటె ఏదీ రాకూడదు. ఆయుధమన్నది ద్వారం దగ్గర వదిలి రావాల్సిందే. మరిచి తెచ్చినవాడికి చెరసాలే.

ఒకనాడు మెయ్‌లిన్ అనే చీనా పిల్ల ఓడ దిగి కొలువుకొచ్చింది. చేతిలో పొడవాటి తాడు, దాని కొసన ఉక్కు ములికి. తాడే కదా అని కావలివాళ్ళు వదిలేశారు.

"మా గురువమ్మ నేర్పిన విద్య ప్రభూ. మీ సాముగరిడీలో నలుగురికి నేర్పుకుంటూ బతుకుతాను," అంది.

రాజు పెదవి విరిచాడు. "ఇదా విద్య? పలుపుతాడు. ముక్కలు కోసి మా దూడలకు కట్టండి."

ఆ పిల్ల తాడును గుండెకు హత్తుకుంది. చూడనైనా చూడకుండా ఒకరి బతుకంతటి విద్యను దూడల మెడకు కట్టమనడానికి ఆ పెద్దమనిషికి నోరెలా వచ్చిందో!

విదూషకుడు చొక్కనకు ఒళ్ళు మండిపోయింది. అయినా వినయంగా చేతులు కట్టుకుని లేచాడు.

"ప్రభువుల మాటకు తిరుగేముంది. ఇది ఆయుధం కాదు, పలుపే. అంతేనా?"

"ఎన్నిసార్లు చెప్పాలోయ్? పలుపే."

"అయితే కోసేముందు తిప్పనివ్వండి. పలుపు తిప్పితే తప్పేం లేదుగా."

"తిప్పుకోమను. మా కునుకు మాత్రం చెడగొట్టొద్దను."

మెయ్‌లిన్ కళ్ళు తుడుచుకుని తాడు వదిలింది. ఏమని చెప్పను ఆ అందం! తాడు ఆమె మోచేతికి చుట్టుకుంది, మెడ మీదుగా జారింది, మోకాలి కింద మాయమైంది. వాన ముందు తూనీగలా ఎక్కడుందో తెలియనివ్వలేదు. అంతలో ఆమె మోకాలు విదిలించిందో లేదో, ములికి దూసుకెళ్ళి రాజుగారి తలపాగా మీది నెమలీకను తుంచి, తిరిగొచ్చి అరచేతిలో వాలింది. తలపాగా కదలనైనా లేదు.

రాజు సింహాసనం వెనక నక్కాడు. "పట్టుకోండి దాన్ని. కొలువులోకి ఆయుధం తెచ్చింది."

భటులు కదిలారు. చొక్కన అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగండయ్యా. ప్రభూ, ఇది పలుపైతే పిల్ల తప్పేమీ లేదు. ఆయుధమే అంటారా, తిప్పుకోమని సెలవిచ్చింది తమరు. చెరసాలకు తమరు ముందు నడవండి, వెనక ఆమె వస్తుంది."

రాజు మెల్లగా ఇవతలికొచ్చి, కింద పడ్డ ఈకను చూసి, తలపాగా తడుముకున్నాడు. పొట్ట కదిలేలా నవ్వాడు.

"పలుపన్న మాట వెనక్కి తీసుకున్నాం లేవోయ్. గరిడీలో ఆమె గురువు. ఇదిగో చొక్కనా, ఈ హారం నీకు."

మర్నాడు ద్వారం దగ్గర కావలివాళ్ళు మెయ్‌లిన్‌ను ఆపి, తాడు అప్పగించమని చేతులు చాచారు. సేనాపతి కత్తి పక్కనే దానికో కొయ్య కొట్టించి ఉంది. తాడును దానికి తగిలించి, ఆ పిల్ల తలెత్తుకుని లోపలికి నడిచింది.