ఏనుగుదొనలో నీళ్లున్నాయా?

ఎర్రకొండల నడుమ ఇప్పలకోన అనే అడవి ఉంది. అందులో జింకలు, కుందేళ్లు, అడవిపందులు, ముళ్లపందులు కలిసిమెలిసి బతికేవి. వాటన్నిటికీ పెద్ద ఒక కణితి, అంటే భారీ మగజింక. చెట్టు కొమ్మలంత కొమ్ములుండేవి కాబట్టి అందరూ అతన్ని కొమ్ములదొర అని పిలిచేవారు. ఆ కొమ్ముల బరువు కన్నా వాటి మీద గర్వమే ఎక్కువ బరువు!

ఒక ఏడాది ఎండలు మండిపోయాయి. కోనలో ఉన్న ఒక్క మడుగూ ఎండిపోసాగింది. నాలుగు రోజులకు సరిపడా నీళ్లే మిగిలాయి. పక్షులన్నీ ఎప్పుడో ఎగిరిపోయాయి.

తూర్పున ఏనుగుదొన అని రాతిలో నీరు నిలిచే పెద్ద గుంట ఉంది. పడమర జింకలవాగు ఉంది. రెండింటికీ ఇక్కడి నుంచి ఒకటిన్నర రోజు నడక. నీళ్లు లేకుండా పిల్లలు రెండు రోజులకు మించి బతకవు.

ఇప్పలకోనలో ఒక ఆచారం ఉంది. వలస పోవాలంటే అందరికీ పెద్దగా ఉన్నవాడు మడుగు పక్కనున్న నల్లరాయి ఎక్కి డెక్కతో మూడుసార్లు కొడతాడు. మూడో దెబ్బ పడ్డాక ఇక ఎవరూ నోరు మెదపకూడదు. అందరూ వెనక నడవాల్సిందే.

కొమ్ములదొర రాయి ఎక్కాడు. "అందరం ఏనుగుదొనకు పోదాం" అంటూ ఒక దెబ్బ కొట్టాడు.

"అక్కడ నీళ్లున్నాయా దొరా?" అని అడిగింది లేడమ్మ అనే జింక. దాని కూన పుట్టి నెల కూడా కాలేదు.

"దొన అంటే ఏమిటి? నీళ్లుండే గుంట. నీళ్లు లేకపోతే అది దొన ఎలా అవుతుంది? కాబట్టి దొనలో నీళ్లుంటాయి. దీనికి వెళ్లి చూడటం కూడా ఎందుకు?" అన్నాడు దొర. రెండో దెబ్బ కొట్టాడు.

ఆ గుంపులో సూదమ్మ అనే ముళ్లపంది ఉంది. పోయిన ఏడు ఇలాగే దొర మాట మీద నడిచినప్పుడు ఒక బిడ్డను దారిలోనే పోగొట్టుకుంది. ఇప్పుడు ఇద్దరు పిల్లలు. వాళ్ల ముళ్లు ఇంకా గట్టిపడలేదు. ఈసారి చచ్చినా సరే, ఈ పిల్లలను పోగొట్టుకోను అనుకుంది.

గబగబా రాయి ఎక్కింది. దొర డెక్క పడాల్సిన చోటే కూర్చుని ముళ్లన్నీ నిక్కబొడుచుకుంది.

దొర ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. "లే సూదమ్మా!" అని గద్దించాడు.

"లేవను దొరా. దొన అంటే నీళ్లుండే గుంట. ఆ మాట ఇక్కడ కూర్చునే ఒప్పుకుంటాను. కానీ ఈ ఎండలకు అక్కడ మిగిలింది దొనో, ఉత్త గుంటో, అది మీ మాట చెప్పదు. కళ్లే చెప్పాలి."

"సరే, నీళ్లు లేవనే అనుకో. వెనక్కి వస్తాం. అంతే కదా!"

"వెళ్లడానికి ఒకటిన్నర రోజు, రావడానికి ఒకటిన్నర రోజు. మొత్తం మూడు రోజులు. పిల్లలు బతికేది రెండు రోజులే. వెనక్కి వచ్చేది మనమే దొరా, పిల్లలు రారు."

"నడిచి చూడకుండానే ఎలా చెబుతావు?" అని విసుక్కున్నాడు దొర.

సూదమ్మకు ఒళ్లు మండింది. "కూర్చుని లెక్కేస్తే తేలేదానికి నడిచి చూడమంటారు. నడిచి చూడాల్సినదాన్ని కూర్చునే తేల్చేస్తారు! మూడు రోజులు రెండు రోజులకన్నా ఎక్కువని తెలియడానికి పిల్లల్ని చంపుకోవాలా?"

ఎవరూ కదల్లేదు. మూడో దెబ్బ పడలేదు కాబట్టి కదలాల్సిన పనీ లేదు. అందరి ముందూ దొరకు తల కొట్టేసినట్టయింది.

"మీ ఖర్మ! నేనొక్కణ్ణే పోయి కడుపునిండా తాగుతాను" అని తూర్పుకు వెళ్లిపోయాడు.

సూదమ్మ రాయి దిగింది. "వదినా, నా పిల్లల్ని కాస్త చూస్తుండు. నేను పడమరకు వెళ్లి చూసొస్తాను" అంది లేడమ్మతో.

"ఆ పొట్టి కాళ్లతో ఎలా వెళతావు వదినా?"

"ఆగకుండా వెళతాను."

పగలంతా బొరియలో పడుకునే జీవి ఆ ఎండలో నడిచింది. అరికాళ్లు బొబ్బలెక్కినా ఆగలేదు. జింకలవాగు ఒడ్డున చెట్లు దూరం నుంచే పచ్చగా కనిపించాయి. పచ్చటి చెట్లున్నాయి కాబట్టి నీళ్లుంటాయిలే అని వెనక్కి తిరగబుద్ధి వేసింది. పిల్లలు గుర్తొచ్చారు. వాగులోకి దిగి, మెడదాకా మునిగి, కడుపారా తాగాకే తిరుగుముఖం పట్టింది.

మూడో రోజు సాయంత్రం కోనకు చేరింది. దాని ముళ్లకు వాగులోని పచ్చటి నాచు వేలాడుతోంది. ఆ నాచు చూసి లేడమ్మ ఏడ్చేసింది. అందరూ మడుగులో మిగిలిన నీళ్లు తాగి బయలుదేరారు.

సరిగ్గా అప్పుడే కొమ్ములదొర తూలుతూ వచ్చాడు. నాలుక బయట వేలాడుతోంది. ఎండిన దొనను నీళ్ల కోసం తవ్వీ తవ్వీ ఒక కొమ్ము విరగ్గొట్టుకున్నాడు. మడుగులో బురదే మిగిలింది. ఆ బురదే నాకాడు. ఎన్నో ఏళ్లుగా అందరికన్నా ముందు నడిచినవాడు, ఆ రోజు అందరి వెనక దుమ్ము మింగుతూ నడిచాడు.

పిల్లలన్నీ ప్రాణాలతో జింకలవాగు చేరాయి. సూదమ్మ పిల్లలిద్దరూ నీళ్లలో పడి కేరింతలు కొట్టారు. సూదమ్మ వాళ్లను చూస్తూ చాలాసేపు ఒడ్డునే కూర్చుంది.

చివరగా దొర వచ్చాడు. అందరూ అతని వైపే చూశారు. ఈసారి అతను ముందు మూతి ముంచాడు. తర్వాతే, "నీళ్లున్నాయి" అన్నాడు.

నీతి: కొన్ని సంగతులు ఆలోచిస్తేనే తెలుస్తాయి, కొన్ని వెళ్లి చూస్తేనే తెలుస్తాయి, ఏది ఎలా తెలుసుకోవాలో ఎరిగినవారే నలుగురినీ నడిపించగలరు.