బంతి పడేదాకా తల ఎత్తని ధర్మలింగం

చింతలమెరకలో తెలివన్నది ఎక్కడైనా ఉంటే అది రైసుమిల్లు లింగాల ఇంట్లోనే ఉందని చెప్పుకునేవారు. చెప్పుకునేది ఆ ఇంటివాళ్ళే. ఊళ్ళో ఇంకెవరూ అనలేదు కాబట్టి వాళ్ళే అనుకోవాల్సి వచ్చింది.

ఇంటి పెద్ద ధర్మలింగం. తమ్ముడు శరభలింగం. ధర్మలింగం పెళ్ళాం మాణిక్యాంబ. "ఎవరేం చెప్పినా పొల్లు పోనివ్వకుండా చేస్తాం. తెలివంటే అదే!" అని ధర్మలింగం రోజూ భోజనం ముందు అనేవాడు. మిగతా ఇద్దరూ అవునన్నాకే కంచంలో చెయ్యి పెట్టేవాడు.

ఇలా ఉండగా ఆ ఊరి పెద్దమనుషులకి గోల్ఫు పిచ్చి పట్టింది. గోల్ఫంటే మరేం లేదు, వరి పండే నేల మీద పచ్చిక పెంచి, దాని మీద కర్రతో బంతిని కొట్టి, ఆ బంతి వెనకాల ఎండలో పడి నడవడం. ఆడది మేక వెనకాల అలా నడిస్తే కూలి. వీళ్ళు నడిస్తే క్లబ్బు.

మైదానానికి సగం నేల ధర్మలింగం ఇచ్చాడు, మిగతా సగం అతని బావమరిది కోదండపాణి ఇచ్చాడు. మరి మైదానానికి పేరెవరిది? కోదండపాణి తన పేరే పెట్టాలన్నాడు, బతికుండగానే. ధర్మలింగం తన తండ్రి వీరలింగం పేరన్నాడు. వీళ్ళ రైసుమిల్లు ఆ ముసలాయన వీపున బస్తాలు మోసి కట్టిందే. మిల్లు బోర్డు మీద ఆయన పేరు వానలకి ఎప్పుడో చెరిగిపోయింది. "నాన్న పేరు ఒక్కచోటైనా నిలబెట్టకపోతే నేనేం కొడుకుని?" అనుకుంటే ధర్మలింగానికి ముద్ద దిగేది కాదు.

క్లబ్బు సెక్రటరీ ముకుందరావు తీర్పు చెప్పాడు: "ప్రారంభం రోజున చెరో దెబ్బ కొట్టండి. ఎవరి బంతి దూరంగా పోయి ఆగితే వాళ్ళ మాట నెగ్గినట్టు. బంతి ఎక్కడుంటే అక్కడికే కొలత."

"నువ్వు కొడితే ఎగిరేది బంతి కాదు బావా, గడ్డి. మేకల్ని పిలిపించనా?" అన్నాడు కోదండపాణి.

ధర్మలింగానికి రోషం వచ్చింది. విశాఖపట్నం నుంచి గోల్ఫు నేర్పే ఇమ్మానుయేలు మాస్టారిని పిలిపించాడు. ఆయన నెమ్మదస్తుడు, పాపం. మొదటిరోజు కర్ర చేతికిచ్చి, "గట్టిగా నొక్కకండి. కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోవాలి. నలగకూడదు, జారకూడదు" అన్నాడు.

ఇంకేముంది! మాణిక్యాంబ దొడ్లోకి పరిగెత్తి కోడిపిల్లని తెచ్చింది. ధర్మలింగం దాన్ని దోసిట్లో పట్టుకున్నాడు. మరి కర్ర పట్టుకోవడానికి చెయ్యేదీ? శరభలింగం ఆలోచించి కోడిపిల్లని కర్రకే దారంతో కట్టేశాడు. ధర్మలింగం కర్ర ఎత్తాడు. పిల్ల కీచుమంది. అంతే, తల్లికోడి గోడ మీంచి ఎగిరొచ్చి మాస్టారి నెత్తి మీద కూర్చుంది.

"ఈ కోడికి గోల్ఫు తెలీదు, ఏమీ అనుకోకండి" అంది మాణిక్యాంబ.

మర్నాడు మాస్టారు, "బంతి మీంచి కళ్ళు తియ్యకూడదు" అన్నాడు. అంతే, శరభలింగం బంతిని దారానికి కట్టి అన్నయ్య టోపీకి వేలాడదీశాడు. ధర్మలింగం బంతిని చూస్తూనే స్నానం చేశాడు, బంతిని చూస్తూనే మిల్లుకెళ్ళాడు, బంతిని చూస్తూనే వడ్లు నానబెట్టే తొట్టిలో పడ్డాడు. పైకి లాగాక అడిగిన మొదటి మాట, "కళ్ళు తియ్యలేదు కదరా నేను?"

"లేదన్నయ్యా! మునిగినప్పుడు కూడా తెరిచే ఉన్నాయి."

ఆ పైరోజు, "తల కదలకూడదు" అన్నాడు మాస్టారు. ఇక ఆ పూట నుంచి శరభలింగం వెనకాల నిలబడి అన్నయ్య రెండు చెవులూ పట్టుకున్నాడు. మాణిక్యాంబ అన్నం వడ్డిస్తూ, "చాలా అండీ?" అంది. తల ఊపకూడదు కదా, ధర్మలింగం ఊపలేదు. ఆవిడ వడ్డించింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ వడ్డించింది. గిన్నె ఖాళీ అయ్యేసరికి అన్నం గుట్టకి అటువైపు మొగుడు కనబడలేదు.

"నోటితో చెప్పొచ్చు కదండీ!"

"మాట్లాడితే గడ్డం కదలదూ? గడ్డం తలలోది కాదూ?"

మాస్టారు వీళ్ళకి దణ్ణం పెట్టి చివరి పాఠం చెప్పాడు. "కొట్టగానే ఎటు పోయిందా అని చూడొద్దు. బంతి పడేదాకా తల ఎత్తొద్దు."

ప్రారంభం రోజు వచ్చింది. కాలవకి అవతల షామియానా వేశారు. దాని కింద బిర్యానీ డేగిశాలు పెట్టారు. కోదండపాణి కొట్టిన బంతి కాలవ గట్టు దగ్గర ఆగింది. జనం చప్పట్లు కొట్టారు.

ధర్మలింగం నాన్నని తలుచుకుని కొట్టాడు. ఎన్నడూ లేనిది, కర్ర బంతికి తగిలింది! బంతి కాలవ దాటింది, గట్టు దాటింది, షామియానా మీంచి పోయి దాని పక్కనున్న తాటిచెట్టు మట్టల్లో ఇరుక్కుపోయింది.

ముకుందరావు ఎగిరి గంతేశాడు. "గెలిచారండీ! చెట్టు మొదలు దాకా కొలుస్తాను. వీరలింగం గారి పేరే! తల ఎత్తండి!"

ధర్మలింగం కిందికే చూస్తూ, "బంతి పడిందా?" అన్నాడు.

"పడలేదు. చెట్టు మీదుంది."

"అయితే ఎత్తను."

"నేను చెబుతున్నా కదండీ, ఎత్తండి!" అన్నాడు మాస్టారు ఏడుపు గొంతుతో.

"పడేదాకా ఎత్తొద్దన్నది మీరే. పూటకో మాట చెబితే ఎలా మాస్టారూ? మా నాన్న పరువుకి సంబంధించింది."

"ఇలాగే ఉంటే మీ ఆయనకి మెడ పట్టేస్తుంది" అన్నారెవరో. ఆ మాటకి మాణిక్యాంబ మరిదిని కసిరింది. "చూస్తావేంటయ్యా! బంతిని పడెయ్యి!"

ఇంకేముంది! శరభలింగం కుర్చీలు తెచ్చిన ట్రాక్టరుకి మోకు కట్టి, రెండో కొస తాటిచెట్టుకి చుట్టి లాగించాడు. చెట్టు పెళపెళమంటూ షామియానా మీద పడింది. షామియానా బిర్యానీ మీద పడింది. డేగిశాలు వాటి పక్కనే చేరిన కోదండపాణి మీద పడ్డాయి. బంతి దొర్లుకుంటూ బయటికొచ్చింది.

"పడిందన్నయ్యా!" అని శరభలింగం కేకేశాడు. అంతలో అతని తెలివి మేల్కొంది. పడ్డ బంతిని అన్నయ్య చూడొద్దూ? చూడాలంటే తల తిప్పాలి, తిప్పితే తల కదలకూడదన్న మాస్టారి మాట పోతుంది! బంతి తీసుకుని ఒక్క పరుగున వచ్చాడు. మసాలా తుడిచి, అన్నయ్య ముక్కు కింద బంతి నిలబెట్టడానికి నేలలో గుచ్చిన పుల్ల మీద, మొదట ఎక్కడుందో సరిగ్గా అక్కడే నిలబెట్టాడు.

ముకుందరావు టేపు పట్టుకుని వచ్చాడు. బంతి వంక చూశాడు. "బంతి ఎక్కడుంటే అక్కడికే కొలత" అని టేపు విప్పకుండానే జేబులో పెట్టుకుని, పెయింటరుని పిలిచి కోదండపాణి పేరు రాయమన్నాడు.

ధర్మలింగానికి అదేం పట్టలేదు. తల వంచుకునే బంతిని అటూ ఇటూ పరకాయించి చూశాడు. నిదానంగా అతని మొహం వెలిగింది.

"కొట్టిన బంతి ఇక్కడుంటుందా? ఉండదు. ఇక్కడే ఉంది కాబట్టి నేనింకా కొట్టనేలేదు! ఏమేవ్, ఆ కోడిపిల్లని ఇలా పట్రా."