గవరమ్మ వంచిన వీపు

ఆ సీమలో రాజసభకు పంపే ప్రతినిధిని జనమే చేతులెత్తి ఎన్నుకునేవారు. చేతులెత్తమని అడగడానికి వచ్చినప్పుడు కొండలరాయుడు ముసలి గవరమ్మను వీపున ఎక్కించుకుని వాగు దాటించాడు. "గెలిస్తే ఇక్కడ వంతెన కట్టిస్తా" అన్నాడు. ఊరంతా ఈలలేసి మరీ చేతులెత్తింది.

గెలిచాక ముఖం చూపలేదు. ఆ మధ్య వానల్లో మంత్రసాని వాగు దాటలేక, గవరమ్మ కోడలు పురిట్లోనే పోయింది.

మళ్ళీ చేతులెత్తే రోజులొచ్చాయి. రాయుడు పట్టుపంచెతో అవతలి గట్టున నిలబడి, "ఎవరైనా వచ్చి నన్ను దాటించండ్రా" అని కేకేశాడు. దండలు పట్టుకున్న మగాళ్ళు, ఎవరి వీపు ముందన్నట్టు తోసుకున్నారు. వాళ్ళను ఆపి, గవరమ్మే నీళ్ళలో నడిచి వెళ్ళి అతని ముందు వంగింది.

"ఎక్కు నాయనా. అప్పుడు నువ్వు మోశావు, ఇప్పుడు నా వంతు."

"ఛీ, జనం చూస్తున్నారు."

"అయితే నువ్వే నన్ను మోయి. రెండూ కాదంటే, నీ వంతెన మీద నడిచిరా."

రాయుడు తల దించుకుని నీళ్ళలోకి దిగాడు, వీపు వంచాడు. గవరమ్మ ఎక్కలేదు.

"వద్దులే. అప్పుడు ఎక్కి ఊరేగినందుకే, నా కోడలి ముఖం తలుచుకోలేకపోతున్నాను."

గట్టు మీది మగాళ్ళు దండలు వెనక్కి దాచుకున్నారు.