సభ్యత లేనివారు

మా మరిది వైకుంఠం మాస్టారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు. అడిగినవాళ్ళని అరుగు మీద కూర్చోబెట్టి వీధి చూడమంటాడు. వీధిలో ఏం వస్తే అదే జవాబు. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. గేదెలు వచ్చాయి, పెళ్ళి ఊరేగింపులు వచ్చాయి, ఒకసారి మున్సిపాలిటీ వాళ్ళ కుక్కల బండి కూడా వచ్చింది. అడిగిన ప్రతివాళ్ళూ ఏదో తెలిసినట్టే తల ఊపుకుంటూ వెళ్ళారు. ఈయన మాత్రం నోరు విప్పిన పాపాన పోలేదు. హైమవతి అడిగిన రోజున ఒక్కసారి విప్పాడు. అందుకే ఆ సంగతి చెప్పుకోవలసి వచ్చింది.

హైమవతి ఆరో తరగతి నుంచీ ఆయన దగ్గర తెలుగు చదువుకున్న పిల్ల. ఇప్పుడు మా వీధి చివరి హైస్కూల్లో తనే తెలుగు టీచరు. ఆ బళ్ళో ఈ ఏడు కొత్తగా 'గౌరవ విద్యార్థి సంఘం' అని ఒకటి వెలిసింది. అందులో చేరాలంటే నూటికి తొంభై మార్కులు రావాలి. ముప్పై గంటలు పరులకి సేవ చేసి, చేయించుకున్నవాళ్ళ చేత కాగితం మీద సంతకాలు పెట్టించుకు రావాలి. ఒక్క పూట కూడా బడి మానకూడదు. చేరాక కూడా నెల నెలా కొన్ని గంటల సేవకి సంతకాలు చూపిస్తూ ఉండాలి. మోక్షానికి కూడా ఇన్ని షరతులు లేవు. ఆ రాముడే ఈ బళ్ళో చదివి ఉంటే, అడవికి పోయిన పద్నాలుగేళ్ళకీ హాజరు తగ్గి గేటు బయటే నిలబడేవాడు.

చేరిన పద్దెనిమిది మందికీ భుజాన్నించి మోకాళ్ళ దాకా నీలం పట్టీలు వేశారు. అవి గాలికి ఎగురుతుంటే మా వీధిలో ఎద్దులు పగ్గాలు తెంపుకునేవి. సోమవారం సభ చేసి అప్పడాలంత ఇత్తడి బిళ్ళలు కూడా పెడతారట. అంతటితో ఊరుకుంటే సరిపోను. చేరనివాళ్ళకి సిగ్గు రావాలని హెడ్మాస్టరుగారు వాళ్ళ పేర్లు కూడా బోర్డుకెక్కించమన్నారు. ఆ నోటీసు హైమవతే రాసింది.

సభకి పెద్దమనిషిగా రమ్మని మా మరిదిని పిలిచారు. రానన్నాడు. ఎందుకు రావో చెప్పమని శనివారం పొద్దున్నే హైమవతి వచ్చి కూర్చుంది.

"యోగ్యుల్ని ఏరి పదిమందిలో గౌరవిస్తే తప్పేముంది మాస్టారూ? మిగతావాళ్ళకీ ఆశ పుడుతుంది కదా?"

"కూర్చో" అన్నాడు మా మరిది. "నూకాలమ్మ వచ్చే వేళయింది."

నేను గోంగూర ఆకు దూస్తూ అక్కడే ఉన్నాను. నూకాలమ్మ మా వీధికి కూరగాయలు తెచ్చే మనిషి. ఆవిడ మనవరాలు పైడితల్లి ఆ బళ్ళోనే పదో తరగతి. రోజూ నూకాలమ్మ నెత్తిన ఉండే తట్ట ఆవేళ నీలం పట్టీల ఆడపిల్లలిద్దరి చేతుల్లో ఉంది. చెరో పక్కా పట్టుకుని, ఒకరు గబగబా, ఒకరు నింపాదిగా నడుస్తున్నారు. వెనకాల నూకాలమ్మ, "ఒంకాయలు నలిగిపోతన్నాయర్రా! ఆ తట్ట నా నెత్తినెట్టండి!" అని కేకలు. మలుపు నుంచి మా అరుగుకి ఇరవై అడుగులుంటే ఎక్కువ. ఆ ఇరవై అడుగుల్లోనే రెండు వంకాయలు కాలవ గట్టున దొర్లాయి.

తట్ట దింపీ దింపగానే ఒక పిల్ల కాగితం తీసింది. రెండోది సిరా డబ్బీ మూత తీసింది.

"ఇక్కడ వేలు పెట్టు మామ్మా. అరగంట అని రాసుకుంటాం."

"ఏలెందుకూ? సంతకం ఎడతాను. కలం ఇలాగియ్యి."

పిల్లలు మొహమొహాలు చూసుకుని కలం ఇచ్చారు. నూకాలమ్మ కాళ్ళు చాపుకుని, కాగితం ఒళ్ళో పరుచుకుని, ఊపిరి బిగబట్టి 'నూ' అని రాసింది. ఆ కొమ్ముకి దీర్ఘం లాగేసరికి నాకు ఒక గోంగూర కట్ట అయిపోయింది. తరవాత 'కా' రాసింది.

"మామ్మా, బెల్లు కొట్టేస్తారు. ఇంకా నలుగురి దగ్గరికి వెళ్ళాలి!" అంటూ ఆ పిల్ల కలం లాక్కుంది. ఆవిడ బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది, రాసిన ఆ రెండక్షరాల మీదే నొక్కేసింది. హైమవతికి నమస్కారం పెట్టి ఇద్దరూ పరుగో పరుగు. సిరా డబ్బీ మా అరుగు మీదే మర్చిపోయారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పదిహేనేళ్ళ పిల్లల్ని ఏమనను? మంచితనాన్ని గంటల్లెక్కన గళ్ళు గీసి వాళ్ళ చేతికిచ్చిన పెద్దల్ని అనాలి. ఆ పెద్దలే గనక నా ఎదట ఉంటే ఈ గోంగూర కాడలతోనే ఊరు దాటించేదాన్ని. ఒకర్తె ఎదటే ఉంది గాని, తల వంచుకుని ఉంది.

నూకాలమ్మ చెంగుతో వేలు తుడుచుకుంది. సిరా పోలేదు.

"పద్నాలుగు నెల్లయింది బాబూ, ఈ ఏలు సిరా మర్సిపోయి" అంది మా మరిదితో.

పద్నాలుగు నెలలుగా పైడితల్లి బడి వదలగానే సంతలో రేకుల షెడ్డు కింద కూర్చుని మామ్మకీ, చేపలమ్మే ఆడవాళ్ళు ఆరుగురికీ అక్షరాలు నేర్పుతోంది. ఆ సంగతి మా వీధిలో కాకులక్కూడా తెలుసు.

"మరి పైడి కాగితంలో ఒక్క గంట కూడా లేదే! అన్నీ ఖాళీ గళ్ళే ఇచ్చింది" అంది హైమవతి.

"నాను ఏలెడతానంటే ఆ గుంట ఒప్పింది కాదు టీచరమ్మా. 'ఏలు మానిపించడానికే గదా నేర్పుతున్నాను, మళ్ళీ నా కాయితం మీదే ఏలేస్తావేటి? సంతకం వొచ్చినాక ఎడుదువుగాని' అంది. అది వొచ్చీసరికి మీరు కాయితాలు తీసీసుకున్నారు." అని నూకాలమ్మ మా మరిది వైపు తిరిగింది. "అది పోన్లే. నానొచ్చిన పని వేరు. మేస్టారు బాబూ, గుంటని బళ్ళోంచి తీసీడానికో అర్జీ రాసిపెట్టు. కింద నాను సంతకం ఎడతాను."

హైమవతి అదిరిపడింది. "పదో తరగతిలో తీసెయ్యడమేమిటి నూకాలమ్మా!"

"నిన్న బడి కాడ బోర్డు సదివినాను. ఎవులూ సదివి సెప్పలేదు, నానే కూడబలుక్కున్నాను. స, భ్య, త, లే, ని, వా, రు. దాని కింద పదకొండో పేరు నా మనవరాలిది. వీధిలో నాయంతట నాను సదివిన మొట్టమొదటి మాటమ్మా అది! సభ్యత లేని గుంటకి సదువెందుకు? ఊరందరి సేతా అనిపించుకునే కన్నా నాతో తట్టెత్తుకుంటే నయం."

హైమవతి నాలిక కరుచుకుంది. "అయ్యో, అది సభ్యత కాదు, సభ్యత్వం! అక్షరాలు పెద్దవిగా ఉండాలంటే చోటు చాలక నేనే కుదించాను. సభ్యత అంటే మంచీ మర్యాదా. సభ్యత్వం అంటే సంఘంలో చేరి ఉండడం. చివర 'త్వం' కాస్తా 'త' అయింది, అంతే!"

"ఆ తొం ఎడితే నా మనవరాలు ఈ వరసలోంచి ఆ వరసలోకి వొస్తాదా?"

"రాదు. సంఘంలో లేదు కదా."

"సంగంలో ఎవులుంటారు?"

"మంచి నడవడి, సేవాభావం..." అంటూ హైమవతి ఆగిపోయింది.

"మరి తొం ఎట్టినా అదే గదమ్మా రాసినావు" అంది నూకాలమ్మ.



మా మరిది లేచి లోపలికి వెళ్ళి కాగితం, కలం తెచ్చాడు. తెచ్చి హైమవతి ముందు పెట్టాడు. "అర్జీ నువ్వే రాయి. ఆవిడకి చదవడం వచ్చు, చూసుకుని రాయి."

హైమవతి కలం అందుకుంది. పెద్ద పెద్ద అక్షరాలతో మూడు వాక్యాలు రాసి నూకాలమ్మకి అందించింది. నూకాలమ్మ ఆ సిరా వేలే మాట మాటకీ ఆనించుకుంటూ పైకి చదివింది.

"పైడితల్లికి సభ్యత లేదని బోర్డు మీద రాసింది నేను. ఆమెకు ఉంది. తప్పు నాది."

చదివి కాగితం తిరిగిచ్చింది. "దీని కింద సంతకం నాను గాదు, నువ్వెట్టాల."

హైమవతి పెట్టింది. నా నోరు ఊరుకుంటుందా? ఆ సిరా డబ్బీ ముందుకి తోసి, "వేలు కూడా వెయ్యమ్మా, బెల్లు కొట్టేస్తారు" అన్నాను. హైమవతి నా వంక ఒకసారి చూసి, వేలు కూడా వేసింది.

"ఆ మాట ఎక్కడుందో దాని పక్కనే అంటించు టీచరమ్మా" అంది నూకాలమ్మ. "సోమారం మీ సబ ముందర నానొచ్చి సదువుతాను. ఈ కాయితం ఉంటే గుంట బళ్ళో ఉంటాది. నేకపోతే అర్జీ నానే రాసుకుంటాను. పేరు సగం ఇందాకే రాసీసినాను గదా." తట్ట తనే నెత్తినెత్తుకుని, తోటకూరో అంటూ సాగిపోయింది.

హైమవతి కాగితం మడవకుండా రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగి, మళ్ళీ వెనక్కి తిరిగింది.

"ఇప్పుడే వెళ్ళి అంటిస్తాను మాస్టారూ, హెడ్మాస్టరుగారు ఏమన్నా సరే. పన్లో పనిగా ఆ నోటీసులో 'త'ని 'త్వం' చేసి దిద్దేస్తాను."

మా మరిది కాలవ గట్టున పడ్డ వంకాయలు రెండూ ఏరి, పై పంచెతో తుడుస్తున్నాడు.

"మాట దిద్దకమ్మా" అన్నాడు. "పేర్లు సరిచూసుకో."